ముప్పై దాటిన ముఖానికి మూడు పనులు చాలు

ఈ నెల కుటుంబ పేజీలకు మేము ఎంచుకున్న సంగతి చూచి కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. సంఘ పత్రికలో సబ్బుల గురించి, ముఖానికి రాసుకునే క్రీముల గురించి వ్రాయడమేమిటని అడగవచ్చు. మూడేళ్ల క్రితం వరకు మేము కూడా అలాగే అనుకునేవారము. మా ఇంటిలోనే జరిగిన ఒక సంగతి మా అభిప్రాయాన్ని మార్చివేసినది. అది మాకు సిగ్గు కలిగించేదే అయినా దాచకుండా చెబుతున్నాము. ఎందుకంటే ఇటువంటిది మీ ఇంటిలోనూ జరుగుతూ ఉండవచ్చు.

మా కాపురం పంజాగుట్టలో, నిమ్స్ ఆసుపత్రికి దగ్గరలో. మా ఇంటి నుండి అమీర్‌పేట వరకు నడిచి వెళితే రోడ్డుకు రెండు ప్రక్కలా బోర్డులే బోర్డులు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఆడపిల్లల హాస్టళ్ల బోర్డులు, వాటి మధ్య మధ్యలో చర్మానికీ జుట్టుకూ వైద్యం చేస్తామని చెప్పే క్లినిక్కుల బోర్డులు. ఊళ్ల నుండి ఉద్యోగాల కోసం, చదువుల కోసం వచ్చిన పిల్లలు మెట్రో స్టేషను మెట్లు దిగుతూ ఆ బోర్డుల మీది తెల్లని ముఖాలను చూస్తూ వెళతారు. పండుగకు ఊరికి వెళ్లినప్పుడు ఆ మాటలే అక్కచెల్లెళ్లకు చెబుతారు.

మూడేళ్ల క్రితం వేసవిలో మా చెల్లెలు పిల్లలను తీసుకొని మా ఇంటికి వచ్చినది. ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెలో వాళ్లకు నాలుగెకరాల సేద్యం. తనకు అప్పుడు ముప్పై నాలుగేళ్లు. రెండవ కాన్పు తరువాత రెండు బుగ్గల మీద, ముక్కు మీద మంగు మచ్చలు వచ్చాయి. ఒకనాటి సాయంకాలం భోజనాల దగ్గర, “అన్నయ్యా, ఇక్కడ ఇన్ని ఆసుపత్రులున్నాయి గదా, ఈ మంగు పోవడానికి ఎవరైనా మంచి డాక్టరుకు చూపిస్తావా?” అని అడిగినది.

మేము నవ్వాము. ఇద్దరు పిల్లల తల్లివి, ఇప్పుడు నీకు ముఖం మీద ధ్యాస ఎందుకన్నాము. అంతటితో ఆగక, సామెతల గ్రంథం చివరి అధ్యాయాన్ని గుర్తు చేసి ఆమె నోరు మూయించాము. మా ఇంటావిడ మాత్రం, “అడిగింది గదా, ఒకసారి తీసుకెళితే ఏం పోతుంది?” అన్నది. మేము పట్టించుకోలేదు. చెల్లెలు మరి ఆ మాట ఎత్తలేదు.

ఊరికి వెళ్లిన తరువాత ఆమె మండల కేంద్రంలోని ఒక మందుల దుకాణంలో అడిగి ఒక ట్యూబు కొనుక్కున్నది. చీటీ లేదు, డాక్టరు లేడు. రాత్రి పడుకునే ముందు రాసుకుంటే పదిహేను రోజుల్లో తెల్లబడతావని చెప్పారట. నిజంగానే తెల్లబడినది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు మెచ్చుకున్నారు. ఇద్దరు ముగ్గురు ట్యూబు పేరు అడిగి తామూ తెప్పించుకున్నారు.

ఆ యేటి క్రిస్మస్ తరువాత మేము ఆ ఊరికి వెళ్లినప్పుడు చెల్లెలు ముఖం చూచి గుమ్మంలోనే ఆగిపోయాము. బుగ్గలు కందిపోయి ఎర్రగా ఉన్నాయి. సన్నని ఎర్రని నరాలు సాలెగూడు వలె కనబడుతున్నాయి. గడ్డం నిండా చీము పొక్కులు. చెంపల మీద మునుపు లేని నూగు వెంట్రుకలు. పొయ్యి దగ్గర కూర్చుంటే ముఖం మండిపోతున్నదని, ఎండలోకి వెళితే నిప్పులు పోసినట్లున్నదని చెప్పినది. మందు మానేస్తే రెండు రోజుల్లో మరీ ఎక్కువవుతున్నదని, అందుకే భయపడి మళ్లీ రాస్తున్నానని చెప్పి ఏడ్చినది. ఏడు నెలలుగా రాస్తూనే ఉన్నది. మాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, “చెబితే నువ్వు ఏమంటావో తెలుసు గదా అన్నయ్యా” అన్నది.

ఆ మాట మమ్మును ఇంకా వదలలేదు.

ఆ ట్యూబులో ఏమున్నది?

ఆమెను హైదరాబాదు తీసుకొని వచ్చి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాము. ఆ డాక్టరమ్మ ఖాళీ ట్యూబును వెలుతురులో త్రిప్పి చూచి, ఇందులో స్టెరాయిడ్ ఉన్నదని చెప్పారు. ఇటువంటి ముఖాలు వారానికి ఎన్నో చూస్తున్నామన్నారు.

స్టెరాయిడ్ విషం కాదు. అవసరమైన చోట, అవసరమైనన్ని రోజులు వాడితే గొప్ప మందు. ఈ వర్గపు మందులపై జరిగిన పరిశోధనకు 1950లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానం వచ్చినది. 1952లో చర్మంపై పూసే హైడ్రోకార్టిసోన్ మంచి ఫలితమిచ్చినట్లు అమెరికా వైద్యులు ప్రకటించారు. అంతవరకు గజ్జివంటి దురదలతో, తామరవంటి పుండ్లతో ఏండ్ల తరబడి బాధపడినవారికి అది పెద్ద ఉపశమనం. అయితే ముఖ చర్మం శరీరంలో పలుచనైన చర్మాలలో ఒకటి. దాని మీద బలమైన స్టెరాయిడ్‌ను నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలుచనై, లోపలి రక్తనాళాలు పైకి కనబడతాయి. మొటిమలు లేస్తాయి, వెంట్రుకలు వస్తాయి. మందు ఆపిన వెంటనే మంట, ఎరుపు రెట్టింపవుతాయి గనుక మనిషి దానిని వదలలేడు. త్రాగుడుకు అలవాటు పడినవాని స్థితివంటిదే ఇది. మన దేశపు చర్మ వైద్యులు దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు: స్టెరాయిడ్ పూతతో చెడిన ముఖం.

మంగుకు వాడే మూడు మందుల కలయిక 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మ వైద్యుడు, ఆయన సహచరుడు విల్లిస్ తెలియజేసినది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో ఒక స్టెరాయిడ్. డాక్టరు కొన్ని వారాలకని వ్రాసి, చూచుకుంటూ ఆపించవలసిన మందు ఇది. మన దుకాణాలలో ఇటువంటి కలయికలే తెల్లబరచే క్రీములుగా చేతులు మారుతున్నాయి. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చినది. ఉత్తర్వు ఉన్నది, అయినా మా చెల్లెలికి ట్యూబు దొరికినది.

కాబట్టి మీ ఇంటిలో ముఖానికి రాసే ప్రతి ట్యూబునూ ఈ రోజే బయటకు తీయండి. చదువుకునే పిల్లవాని చేత దాని మీది చిన్న అక్షరాలు బిగ్గరగా చదివించండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూయోసినోలోన్, బెక్లోమెథసోన్, డెక్సామెథసోన్ అనే పేర్లలో ఏదైనా వినబడితే అది స్టెరాయిడ్. ట్యూబు మీద నిలువుగా ఎర్రని గీత ఉంటే అది డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వవలసిన మందు. చాలాకాలంగా వాడుతూ ఉన్నట్లయితే భయంతో మీ అంతట మీరు ఒక్కసారిగా పారవేయకుండా ట్యూబును చేత పట్టుకొని డాక్టరు వద్దకు వెళ్లండి. ఎలా ఆపాలో, మంటకు ఏమి రాయాలో వారు చెబుతారు.

ఇదే మాట పురుషులకు కూడా. తొడల మధ్య తామర వచ్చినప్పుడు మందుల దుకాణంలో ఇచ్చే కలగూర క్రీములలో స్టెరాయిడ్ కూడా ఉంటుంది. రాసిన రెండు రోజులకు దురద తగ్గుతుంది. లోపల బూజు మాత్రం పెరుగుతూ, పాకుతూ, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. సంవత్సరాల తరబడి తగ్గని తామర అనేకులకు ఇలా వచ్చినదే.

పాదరసం సంగతి

పేరు, ఊరు, తయారీ తేదీ లేని తెల్లబరచే క్రీములు మరొక రకం. వాటిలో కొన్నింటిలో పాదరసం కలుపుతారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని పాదరసం అడ్డుకుంటుంది గనుక ముఖం తెల్లబడుతుంది. అయితే అది చర్మం గుండా రక్తంలోకి దిగి మూత్రపిండాలను చెరుపుతుంది.

కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు తమ వద్దకు వచ్చిన ఒక రకపు మూత్రపిండ వ్యాధిగ్రస్తులు 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదైన ఒకే లక్షణం కనబడినది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరచే క్రీములు వాడినవారే. కాళ్ల వాపు, మూత్రంలో నురగ, నీరసం వారి బాధలు. చాలామందికి క్రీము ఆపిన తరువాత వ్యాధి తగ్గుముఖం పట్టినది. ముఖానికి రాసినది మూత్రపిండానికి ఎలా చేరుతుందని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం ముఖానికి రాసే క్రీములో అనుకోకుండా కలిసిన పాదరసం కూడా పది లక్షల భాగాలలో ఒక భాగానికి మించకూడదు. తెలిసి కలపడం పూర్తిగా నిషేధం.

చర్మం ఎలా పనిచేస్తుంది?

మంచిదేదో చెడ్డదేదో తెలియాలంటే చర్మం సంగతి కొంచెం తెలియాలి. మన పై చర్మం పెంకుటింటి కప్పువంటిది. చనిపోయిన కణాలు పెంకుల వలె ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయి. వాటి మధ్య కొవ్వు పదార్థం సందులు పూడ్చి లోపలి తడిని నిలుపుతుంది, బయటి మురికిని, క్రిములను ఆపుతుంది. అడుగున క్రొత్త కణాలు పుట్టి పైకి వచ్చి రాలిపోవడానికి యౌవనంలో సుమారు నాలుగు వారాలు పడుతుంది. వయసు పెరిగే కొద్దీ ఈ పని నెమ్మదిస్తుంది.

దీనిలో ఒక పాఠమున్నది. కప్పు మారడానికే నెల పట్టినప్పుడు, ఏ మంచి అలవాటు ఫలితమైనా రెండు మూడు నెలలకు గాని కనబడదు. వారం రోజుల్లో రంగు మార్చివేసే క్రీమును చూచి సంతోషించకూడదు, అనుమానించాలి. ఎస్తేరు గ్రంథంలో రాజు ఇంటి కన్యల అలంకరణకు పన్నెండు నెలలు పట్టినదని మనకు తెలుసు. అందులో మొదటి ఆరు నెలలు ఒక్క గోపరస తైలమే.

ముప్పయ్యవ ఏటి నుండి మూడు మార్పులు కనబడతాయి. మొదటిది, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే పదార్థం ఏటేటా కొంత తగ్గుతూ వస్తుంది గనుక కళ్ల ప్రక్కన, నొసటి మీద గీతలు మొదలవుతాయి. రెండవది, చర్మం మునుపటి కంటే త్వరగా పొడిబారుతుంది. మూడవది, చిన్ననాటి నుండి పడిన ఎండ లెక్క అప్పుడు బయటపడుతుంది. కాన్పులు, గర్భనిరోధక మాత్రలు, వంశ లక్షణం తోడైతే మంగు వస్తుంది. మంగు మురికి కాదు. రుద్దితే పోదు, ఇంకా నల్లబడుతుంది.

రోజుకు మూడు పనులు

డాక్టరమ్మ మా చెల్లెలికి వ్రాసిచ్చిన మందుల చీటీ ఆమెకు మాత్రమే చెందినది. అది ఇక్కడ చెప్పము. అయితే చీటీ వెనుక వ్రాసిన మూడు మాటలు మాత్రం ముప్పై దాటిన ఎవరికైనా పనికివచ్చేవి: కడుగు, తడి నిలుపు, ఎండ కాచు.

మొదటిది కడుగుట. ఉదయం ఒకసారి, పని ముగిసిన తరువాత సాయంకాలం ఒకసారి చాలు. చన్నీళ్లు గాని గోరువెచ్చని నీళ్లు గాని వాడాలి, మరిగే నీళ్లు వద్దు. మన చర్మం కొద్దిగా ఆమ్ల స్వభావం గలది, సబ్బు క్షార స్వభావం గలది. అందుచేత గాఢమైన సబ్బుతో నాలుగైదు సార్లు తోమితే పెంకుల మధ్య కొవ్వు కొట్టుకుపోయి ముఖం చిటపటలాడుతుంది. బట్టల సబ్బుతో ముఖం కడిగేవారు ఇంకా పల్లెలలో ఉన్నారు. ఆ అలవాటు మానండి. సబ్బు కొనేటప్పుడు అట్ట మీద టి.ఎఫ్.ఎం. అనే అంకె చూడండి. అది 76 శాతం గాని అంతకు మించి గాని ఉంటే మొదటి శ్రేణి సబ్బు. చర్మం మరీ పొడిగా ఉన్నవారు సబ్బు లేని ఫేస్‌వాష్ వాడితే ఇంకా మంచిది. కడిగిన తరువాత తువ్వాలుతో రుద్దవద్దు, అద్దండి.

రెండవది తడి నిలుపుట. ముఖం ఇంకా కొంచెం తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. దాని పని నీటిని తేవడం కాదు, ఉన్న నీటిని పోనివ్వకపోవడం. సువాసన లేనిది, సాదాగా ఉన్నది ఎంచుకోవాలి. ఖరీదులో పెద్ద తేడా ఉండవచ్చు గాని పనిలో అంత తేడా ఉండదు. చలికాలంలో పెదవులకు, మడమలకు, మోచేతులకు వాజ్‌లైన్ చాలు. 1872లో పేటెంటు పొందిన ఆ పాత సరుకు నేటికీ చర్మ వైద్యులు మెచ్చుకునేదే. కొబ్బరినూనె కాళ్లకు, చేతులకు మంచిది. మొటిమలు వచ్చే ముఖాలకు మాత్రం అది రంధ్రాలను పూడ్చి మొటిమలు పెంచవచ్చు. జిడ్డు ముఖం గలవారు జెల్ రూపంలో ఉన్నది తీసుకోవాలి.

మూడవది ఎండ కాచుట. ఈ మూడింటిలో ముఖ్యమైనది ఇదే. మిగతా రెండూ చేసి దీనిని వదిలితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్లే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు. ఒకటి చర్మాన్ని కాలుస్తుంది. రెండవది లోతుకు దిగి ముడతలు, మచ్చలు తెస్తుంది. ఈ రెండవది అద్దం గుండా కూడా వస్తుంది గనుక బస్సు కిటికీ ప్రక్కన కూర్చున్నామని నిశ్చింతగా ఉండకూడదు.

సన్‌స్క్రీన్ అట్ట మీద ఎస్.పి.ఎఫ్. 30 గాని 50 గాని ఉన్నదా, పి.ఎ. అనే అక్షరాల ప్రక్కన మూడు ప్లస్ గుర్తులు ఉన్నాయా చూడండి. 30 అంటే కాల్చే కిరణాలలో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది. 50 అంటే సుమారు 98 శాతం. ఇద్దరి మధ్య తేడా అంతే గనుక పెద్ద అంకెకు పెద్ద ధర పెట్టనక్కరలేదు. ఎంత రాశామన్నది అంతకంటే ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు వేసుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. బఠాణి గింజంత రాసి ఊరుకుంటే అట్ట మీది అంకెకు అర్థం లేదు. బయట ఉన్నంతసేపు రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవారికి కంటికి కనబడే వెలుగు కూడా హాని చేస్తుంది గనుక చర్మం రంగు కలిసిన సన్‌స్క్రీన్ మేలని వైద్యులు చెబుతున్నారు.

మిరప కోతకు వెళ్లే తల్లి రెండు గంటలకొకసారి సన్‌స్క్రీన్ ఎలా రాస్తుందని మా చెల్లెలు అడిగినది. న్యాయమైన ప్రశ్నే. చెమటకు నిలవదు, డబ్బుకు తూగదు. పొలం పని చేసేవారికి బట్టే మంచి కాపు. వెడల్పు అంచు గల టోపీ గాని, ముఖం మీదికి నీడ పడేలా తలపాగా మీద కట్టిన ముదురు రంగు నూలు గుడ్డ గాని, నిండు చేతుల పాత చొక్కా గాని వాడాలి. ఉదయం పది నుండి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండ తీక్షణం. వీలున్న పనులను తెల్లవారుజాముకు, సాయంకాలానికి మార్చుకోవాలి. బడికి, గుడికి, బజారుకు వెళ్లేటప్పుడు గొడుగు పట్టుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. వానకు పట్టే గొడుగు ఎండకూ పట్టవచ్చు. పురుషులకు కూడా ఇదే మాట.

రాత్రి ముఖం కడిగి మాయిశ్చరైజర్ రాస్తే దినచర్య ముగిసినది. ముడతలకు రెటినాల్ క్రీములు వాడవచ్చునని నేడు చాలామంది చెప్పుకుంటున్నారు. అవి పనిచేసేవే. అయితే మొదట్లో మంట, పొరలు లేవడం ఉంటుంది. గర్భిణులు, గర్భం కోరుకునేవారు వాటిని వాడకూడదు. డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

వంటింటి వైద్యం

సున్నిపిండి మన అమ్మమ్మల నాటిది, దోషం లేదు. మెత్తగా విసిరి, గట్టిగా రుద్దకుండా వాడితే సరి. శనగపిండి, పెరుగు కూడా అంతే. పసుపు కొందరికి పడదు, ముందుగా మోచేతి లోపల రాసి ఒక రోజు చూడాలి. నిమ్మకాయ రసం మాత్రం ముఖానికి రాయవద్దు. అది రాసుకొని ఎండలోకి వెళితే బొబ్బలు లేచి నెలల తరబడి నల్లని మచ్చలు నిలుస్తాయి. వంట సోడా, పళ్ల పేస్టు, సున్నం కూడా చర్మాన్ని కాల్చేవే. జుట్టుకు వేసే నల్లరంగు కొందరికి పడక నుదుటి మీద, చెంపల మీద నలుపు తెస్తుంది. మచ్చలు మొదలైన రోజులకూ రంగు వేయడం మొదలుపెట్టిన రోజులకూ సంబంధమున్నదేమో ఆలోచించుకోండి.

ఏ మచ్చను డాక్టరుకు చూపాలి?

అన్ని మచ్చలూ అందానికి సంబంధించినవి కావు. మెడ చుట్టూ, చంకలలో చర్మం నల్లబడి ముఖమల్ గుడ్డ వలె దళసరి అయితే అది చక్కెర వ్యాధికి ముందు హెచ్చరిక కావచ్చు. రక్తపరీక్ష చేయించాలి. పుట్టుమచ్చ హఠాత్తుగా పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా ఆలస్యం చేయకూడదు. పాలిపోయిన మచ్చపై సూదితో తాకినా, వేడి తగిలినా తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ దొరసాని కుష్ఠు రోగుల కొరకు ఆసుపత్రి మొదలుపెట్టిన నాటికి ఈ వ్యాధికి సరియైన మందు లేదు. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మందులు ఉచితం. ఆరు నెలలు గాని సంవత్సరం గాని వాడితే నయమవుతుంది. దాచుకుంటేనే వ్రేళ్లు వంకరపోయేది. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలోను, విశాఖపట్నం కె.జి.హెచ్., గుంటూరు పెద్దాసుపత్రులలోను చర్మ విభాగాలున్నాయి. అక్కడ చూపించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు.

తప్పు ఎవరిది?

చీటీ లేకుండా ట్యూబు ఇచ్చిన దుకాణదారుది తప్పే. అయితే ఆ దుకాణం దాకా ఆడపిల్లను నడిపించినది ఎవరు? పెండ్లి చూపుల నుండి వచ్చి, “పిల్ల మంచిదే గాని రంగు తక్కువ” అని చెప్పుకునేది మనమే. పుట్టిన బిడ్డను ఒడిలోకి తీసుకొని ముందుగా చెవి అంచు రంగు చూచేది మనమే. తెల్లబరచే క్రీము అనగానే అందరికీ గుర్తొచ్చే ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో బజారుకు వచ్చి, 2020లో పేరులోని ‘ఫెయిర్’ తీసివేసి గ్లో అండ్ లవ్లీ అయినది. నలభై ఐదేళ్లకు డబ్బా మీది మాట మారినది. మన నోటి మాట ఇంకా మారలేదు.

మరొక తప్పు మా వంటివారిది. ముఖం మీద ధ్యాస పెట్టడం గర్వమని, లోకమని కొట్టిపారేశాము. కాలికి పుండు పడితే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లే మనం, ముఖానికి మచ్చ వచ్చినదని చెల్లెలు బాధపడితే ఎందుకు నవ్వాలి? చర్మం కూడా శరీరంలో ఒక అవయవమే. ఆ రోజు మేము ఆమెను ఆటోలో ఎక్కించి తీసుకెళ్లి ఉంటే, ఒక సబ్బు, ఒక మాయిశ్చరైజర్, ఒక గొడుగుతో ముగిసేది. బదులుగా ఆమె ఒంటరిగా ఒక సంవత్సరం మంటలో గడిపినది.

ఇప్పుడు ఆమె ఎలా ఉన్నది?

మందు మానిన మొదటి రెండు నెలలు కష్టంగా గడిచాయి. ముఖం వాచి, పొరలు లేచి, అద్దం చూడటానికే భయపడినది. మా ఇంటావిడ ఆమెను ఆరు వారాలు మా ఇంటిలోనే ఉంచుకొని, తడిగుడ్డ వేస్తూ, వేళకు మందు రాస్తూ, “నాలుగు రోజులు ఓర్చుకో అమ్మాయ్” అంటూ దగ్గర కూర్చున్నది. ఎనిమిదవ నెలకు ఎరుపు చాలావరకు తగ్గినది. కొన్ని సన్నని నరాలు మిగిలాయి. మంగు పూర్తిగా పోలేదు, వేసవిలో కొంచెం ముదురుతుంది, చలికాలంలో పలుచబడుతుంది. అది చక్కెర వ్యాధివలె అదుపులో ఉంచుకునేదే గాని ఊడదీసేది కాదని డాక్టరమ్మ ముందే చెప్పారు.

మొన్న వేసవిలో మేము ఆ ఊరికి వెళ్లినప్పుడు చెల్లెలు గొడుగు వేసుకొని బస్టాండుకు ఎదురు వచ్చినది. ఆమె చూచి ట్యూబులు తెప్పించుకున్న ఇరుగుపొరుగువారిలో ఇద్దరిని తానే వెంటబెట్టుకొని ఒంగోలులో డాక్టరుకు చూపించినదట. మూడవ ఆమె ఇంకా దాచిపెట్టి రాస్తూనే ఉన్నదని చెప్పినది. “ఆమె భర్త ఒప్పుకోవడం లేదు అన్నయ్యా, నువ్వు ఒకసారి మాట్లాడు” అన్నది. ఆ సాయంకాలమే మేము వాళ్లింటికి వెళ్లాము. గంటసేపు మాట్లాడవలసి వచ్చినది. మరుసటి సోమవారం భార్యాభర్తలిద్దరూ ఒంగోలు బస్సెక్కారు.

ప్రియ పాఠకులారా, మీ ఇంటిలో కూడా అడగడానికి వెనుకాడుతున్నవారు ఉండవచ్చు. ఈ పేజీ చదివిన తరువాత ఆ మాట మీరే ముందుగా ఎత్తండి.